పాత మానిటర్లలో ఏది మేలు?

పాత మానిటర్ల ప్రశ్నల్లో పరీక్షల అభ్యర్థులు తడబడేది సీఆర్‌టీ (కేథోడ్ రే ట్యూబ్) దగ్గర. దాన్ని 1897లో రూపొందించింది జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్. 1909లో మార్కోనీతో కలిసి ఆయన నోబెల్ అందుకున్నది మాత్రం వైర్‌లెస్ టెలిగ్రఫీకి. మెలిక ఇక్కడే!

ఆ మానిటర్ల కాలపు గ్రాఫిక్స్ ప్రమాణాలివి. ఐబీఎం సీజీఏ (1981): 320×200 పిక్సెళ్లు, 4 రంగులు. వీజీఏ (1987): 640×480, 16 రంగులు.

ఇక ఏది మేలో చూద్దాం. సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోటే ఫాస్ఫర్ పూత వెలుగుతుంది. అందుకే నలుపు చిక్కగా ఉంటుంది. తొలితరం ఎల్‌సీడీల్లో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతుండటంతో నలుపు బూడిదరంగుకు తిరిగేది. పక్కనుంచి చూస్తే రంగులు మారేవి. అయితే అక్షరం స్పష్టం, మినుకుమినుకు తక్కువ. బొమ్మలకు సీఆర్‌టీ, గంటలకొద్దీ చదవడానికి ఎల్‌సీడీ మేలని నా లెక్క. అన్నట్టు, 17 అంగుళాల సీఆర్‌టీలో కనిపించే తెర సుమారు 16 అంగుళాలే.