తీపి జొన్న నుండి ఇథనాల్: కోత గడువు నేర్పిన పాఠం

సైబరాబాద్ ఐటీ నడవాలోని బంకుల్లో నేడు లభించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. దానికి ఏ పైరు అనువైనదన్న ప్రశ్నపై ఈ నగర పరిసరాల్లోనే దీర్ఘకాలం పరిశోధన సాగింది. రాజేంద్రనగర్‌లోని జొన్న పరిశోధన సంస్థ (నేటి భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ) సి.ఎస్.హెచ్. 22 ఎస్.ఎస్. అనే తీపి జొన్న సంకరాన్ని రూపొందించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తోడ్పాటుతో నెలకొల్పిన వ్యాపార ప్రోత్సాహక కేంద్రం ద్వారా, సంగారెడ్డి సమీపంలో రోజుకు 40,000 లీటర్ల సామర్థ్యం గల రుస్ని డిస్టిలరీకి సాంకేతిక సహకారం అందించింది. అక్కడ 2007లో ఉత్పత్తి మొదలైంది కానీ ఎక్కువ కాలం నిలవలేదు.

నాలుగు నెలల్లో కోతకు వచ్చి, చెరకు కంటే తక్కువ నీటితో పండి, కంకి నుండి గింజను, కాండం నుండి రసాన్ని ఇచ్చే ఈ పైరుకు చిక్కు ఎక్కడ వచ్చింది? విద్యార్థులు ఈ లెక్కను గమనించాలి. టన్ను కాండం నుండి సుమారు 40 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఆ కర్మాగారానికి రోజుకు 1,000 టన్నుల కాండం అవసరం. వర్షాధారంగా హెక్టారుకు 20 టన్నుల దిగుబడి అనుకుంటే, ప్రతిరోజూ 50 హెక్టార్లు కోయాలి. తొలకరికి అందరూ ఒకేసారి విత్తిన పైరు ఒకేసారి పక్వానికి వస్తుంది. కోసిన కాండాన్ని వెంటనే గానుగ ఆడకపోతే అందులోని చక్కెర రోజురోజుకూ తగ్గిపోతుంది. రబీలో విత్తితే చలి వల్ల, పగటి నిడివి తగ్గడం వల్ల కాండం దిగుబడి పడిపోతుంది.

ఈ చిక్కుకు పరిష్కారంగా, జాతీయ వ్యవసాయ నవకల్పన పథకం కింద మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో గ్రామస్థాయి గానుగ కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. అక్కడే రసం తీసి, పాకంగా కాచితే నిల్వ సాధ్యమవుతుంది, రవాణా భారమూ తగ్గుతుంది. అయితే కాచడానికి అయ్యే ఇంధనం, కూలి ఖర్చులు పాకం ధరకు తోడవుతాయి.

2018 జాతీయ జీవ ఇంధన విధానం తీపి జొన్నతో పాటు మొక్కజొన్ననూ ముడిసరుకుగా గుర్తించింది. టన్ను మొక్కజొన్న గింజ సుమారు 380 లీటర్ల ఇథనాల్ ఇస్తుంది, గోదాములో నిల్వ ఉంటుంది. పరిశ్రమ అటు మొగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. కానీ అదే గింజ కోళ్ల దాణాకూ ఆధారం. కనుక తీపి జొన్నపై పరిశోధన అవసరం తీరిపోలేదు.

ఇంధన పైరును హెక్టారు దిగుబడితో మాత్రమే అంచనా వేయరాదు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు రకాన్ని సూచించే ముందే దఫాలవారీ విత్తే పట్టికను, కోత క్రమాన్ని, గానుగ దూరాన్ని, కొనుగోలు ఒప్పందాన్ని నిర్ధారించుకోవాలి. గానుగకు చేరని కాండం రైతుకు పశుగ్రాసంగానే మిగులుతుంది.