ఆమె చేసేది పని కాదా?



"మీ ఇంటావిడ ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే, "ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాం. ఆ మాట చాటున ఎంత శ్రమ మరుగున పడుతున్నదో ఈ వారం ఆలోచిద్దాం.

ప్రపంచీకరణ అనే మాట 1991 ఆర్థిక సంస్కరణల తరువాత మన ఊళ్లలో బాగా వినబడింది. కాని ప్రపంచ మార్కెట్టు మన గోదావరి పల్లెల గడప తొక్కి వందేళ్లు దాటింది. నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. మన స్త్రీలు ఇంటిపట్టున కూర్చుని అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో గ్రంథం ప్రచురించారు. ఇంటి చాకిరీ చేసుకుంటూనే వారు రోజుకు 6 నుండి 8 గంటలు అల్లేవారు. దక్కేది మాత్రం వ్యవసాయ కూలికన్నా తక్కువ. వ్యాపారమంతా పురుషుల చేతిలో ఉండేది. కారణమేమిటి? అది తీరిక వేళల పని అనీ, వారు గృహిణులేగాని కార్మికులు కారనీ అందరూ నమ్మడమే!

మరొకటి చూడండి. మన జిల్లాల నుండి ఎందరో తల్లులు ఇంటిపనికై కువైట్ వంటి దేశాలకు వెళ్లారు. వంట, ఉతుకు, పసిపిల్లల పెంపకం అక్కడ చేస్తే ఉద్యోగం. ఇక్కడ చేస్తే "ఖాళీగా ఉండడం"! పని మారలేదు, పేరే మారింది. ఆ తల్లి లేని ఇంట్లో భర్త పొయ్యి వెలిగించి, బిడ్డకు జడ వేసినప్పుడు, అది ఆడపని కాదు, ఇంటిపని అని తెలిసివస్తుంది.

పనికి విలువ ఎక్కడిది? చేసిన వస్తువును బట్టి కాదు, ముందుగా చేసే మనిషిని బట్టి అని రెండవ జాన్‌పాల్ పోపుగారు 1981లో మానవ శ్రమను గూర్చి వెలువరించిన విశ్వలేఖలో బోధించారు. తల్లి శ్రమకు సమాజం తగిన విలువ ఇవ్వాలని కూడ కోరారు. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని ఇల్లాలు పొలం కొంటుంది, నేసిన బట్టలు వర్తకులకు అమ్ముతుంది. ఆమె కష్టఫలం ఆమెకే దక్కాలన్నది ఆ అధ్యాయపు చివరి మాట.

కుటుంబ ప్రార్థన తరువాత మూడు విషయాలు మాట్లాడుకోండి:

1. మన ఇంట్లో తెల్లవారినది మొదలు ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు?

2. ఆమె సంపాదన ఎవరి చేతిలో ఉంటున్నది? ఖర్చు నిర్ణయంలో ఆమె మాట ఉన్నదా?

3. కొడుకుకు ఏ ఇంటిపని నేర్పుతున్నాం?

ప్రపంచ మార్కెట్టు కట్టే ధరను మనం మార్చలేకపోవచ్చు. మన ఇంట్లో ఆమెకిచ్చే గౌరవం మాత్రం మన చేతిలోనే ఉంది.