నీటి పొదుపులో హార్మోన్ల పాత్ర: మానవ దేహం నుండి చింతపల్లి రాజ్‌మా వరకు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన తర్వాత వర్షాధారపు రాజ్‌మా ప్రధానంగా నేలలో మిగిలిన తేమపైనే ఎదుగుతుంది. ఆకులు వాడినప్పుడే పైరు బెట్టకు గురైనదని భావించడం పరిపాటి. అయితే మొక్క అంతకు ముందే నీటిని పొదుపు చేయనారంభిస్తుంది. మానవ దేహంలోని ఏర్పాటుతో పోల్చి చూసినచో ఈ విషయం సులభంగా బోధపడుతుంది.

దేహంలో నీటి నియంత్రణ

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసినా, మూత్రంగా వెలువడేది సాధారణంగా 1 నుండి 2 లీటర్లే. ఈ పునఃశోషణలో చివరి భాగాన్ని వాసోప్రెసిన్ అని కూడా పిలిచే యాంటీడైయూరెటిక్ హార్మోను నియంత్రిస్తుంది. రక్తపు గాఢత 1 నుండి 2 శాతం పెరిగినా హైపోథాలమస్ గుర్తిస్తుంది. అక్కడే తయారై పీయూష గ్రంథి పర భాగంలో నిల్వ ఉన్న హార్మోను అప్పుడు రక్తంలోకి విడుదలవుతుంది. దాని ప్రభావంతో మూత్రపిండాల సంగ్రహణ నాళాల కణత్వచంలోకి ఆక్వాపోరిన్-2 అనే నీటి మార్గాలు చేరి, నీరు తిరిగి రక్తంలో కలుస్తుంది. సాధారణంగా దాహం తెలియక మునుపే ఈ పొదుపు మొదలవుతుంది. ఈ హార్మోను నష్టాన్ని తగ్గించగలదే గాని కొత్తగా నీటిని సమకూర్చలేదు.

మొక్కలో నీటి నియంత్రణ

మొక్క గ్రహించిన నీటిలో అత్యధిక భాగం పత్రరంధ్రాల ద్వారా ఆవిరైపోతుంది. ఈ నష్టాన్ని అదుపు చేసేది అబ్సిసిక్ ఆమ్లం. రాజ్‌మా జాతియైన ఫేసియోలస్ వల్గారిస్‌పై 1999లో ప్రచురితమైన పరిశోధనలో, నీటి ఎద్దడి కలిగినప్పుడు ఈ ఆమ్లం తయారీకి కీలకమైన ఎంజైము, దానితోపాటు ఆమ్లం పెరుగుతాయనీ, ఆకులకు తిరిగి నీరు అందగానే తగ్గుతాయనీ వెల్లడైంది. అబ్సిసిక్ ఆమ్లం ప్రభావంతో రక్షక కణాల నుండి పొటాషియం, ఋణ అయాన్లు బయటకు పోతాయి. వాటి వెంట నీరు కూడా పోవడంతో కణాలు బిగువు కోల్పోయి రంధ్రాలు మూసుకొంటాయి.

ఈ పొదుపునకు మూల్యం ఉన్నది. రంధ్రాలు మూసుకొన్నచో కార్బన్ డయాక్సైడ్ ప్రవేశం తగ్గి, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. పూత, కాయ దశల్లో ఇట్లు జరిగినచో మొక్క బ్రతికినా పూత రాలి, గింజ సరిగా నిండక దిగుబడి తగ్గుతుంది.

క్షేత్రస్థాయిలో అన్వయం

కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఆకుల స్థితిపై మాత్రమే ఆధారపడక, వేరు మండలపు మట్టిని చేతితో పరీక్షించి తేమను అంచనా వేయడం రైతులకు నేర్పవలెను. తేమ ఉండగానే సకాలంలో విత్తడం, కలుపును తొలి దశలోనే తొలగించడం, వరుసల మధ్య ఎండుగడ్డి లేదా ఆకులు పరచడం వల్ల ఉన్న తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఊట నీరు గాని, వాగు నీరు గాని లభ్యమైనచో ఆకులు వాడే వరకు వేచి ఉండక పూత, కాయ దశల్లో తడి ఇవ్వడం శ్రేయస్కరం. దేహంలోనైనా పైరులోనైనా హార్మోను గడువును మాత్రమే ఇస్తుంది. ఆ గడువులోగా నీటిని అందించడమే యాజమాన్యం.