చెడుగుడు బరిలో కీళ్లకు దెబ్బ తగిలినపుడు

సంక్రాంతి దినములలో మన గ్రామములందు చెడుగుడు పోటీలు జరుగుట పరిపాటి. కబడ్డీ అను పేర దేశదేశములకు పరిచయమైన ఈ ఆట 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భమున ప్రదర్శింపబడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకములిచ్చు ఆటగా చేర్చబడినది. దీనికి పెద్ద ఖర్చు లేదు. కొంత నేల, పక్షమునకు ఏడుగురు ఆటగాండ్రు ఉన్న చాలును. అయితే కూతకు వెళ్లినవానిని నలుగురు ఒక్కసారిగా పట్టి లాగునపుడు మోకాలికి, చీలమండకు, భుజమునకు దెబ్బలు తగులుట కలదు. ఆ దెబ్బను మించిన కీడు, పిమ్మట తెలియక చేయు చికిత్స వలన కలుగవచ్చును.

కీలు ఎట్లుండును?

పెద్దవారి శరీరమునందు 206 ఎముకలు కలవు. రెండు ఎముకలు కలియు చోటు కీలు. ఎముకను ఎముకతో బిగించి పట్టియుంచు గట్టి పట్టీలను సంధి బంధనములందురు. కండరములను ఎముకకు అతికించునవి స్నాయువులు. ఎముకల కొనలు ఒరసికొని అరగకుండ నున్నని మృదులాస్థి వానిని కప్పియుండును.

మోకాలు తలుపునకు గల మడతబందు వంటిది. ముడుచుటకు, చాచుటకు అది అనువైనది. మెలితిరుగుటకు అంతగా అనువైనది కాదు. దీనికి ఇరుపక్కల రెండు, లోపల కత్తెరవలె దాటిపోవునవి రెండు బంధనములు కలవు. పాదము నేలలో నాటుకొనియుండగా దేహము పక్కకు తిరిగినచో లోపలి బంధనము తెగవచ్చును. పాదము లోపలికి మడతపడినపుడు చీలమండ వెలుపలి బంధనములు సాగును. దీనినే బెణుకు అందుము. భుజపు కీలులోని గిన్నెకు లోతు తక్కువ. కావున చేయి పట్టి గుంజినపుడు అది సులభముగా తొలగును.

వెంటనే చేయవలసినవి

ఆటగాని ఆట మాన్పించి, దెబ్బ తగిలిన అవయవమును కదలనీయరాదు. మంచుగడ్డను తడిగుడ్డలో చుట్టి 15 నిమిషముల సేపు వాపుపై ఉంచవలెను. మొదటి రెండు దినములు రెండు మూడు గంటలకొకసారి ఇట్లు చేయవచ్చును. మంచును నేరుగా చర్మముపై పెట్టరాదు. మంచు దొరకనిచో చల్లని నీట తడిపిన గుడ్డ వేయవచ్చును. క్రేప్ బ్యాండేజీని వదులు కాకుండ, బిగువు కాకుండ చుట్టి, కాలిని దిండుపై ఎత్తుగా ఉంచవలెను. వ్రేళ్లు చల్లబడినను, తిమ్మిరెక్కినను, నీలివర్ణము దాల్చినను కట్టును తక్షణమే వదులు చేయవలెను.

చేయరానివి

వాచిన కీలును నూనెతో మర్దించుట, వేడి కాపడము పెట్టుట మొదటి రెండు దినములలో తగదు. వాటివలన లోపలి రక్తస్రావము, వాపు హెచ్చును. తొలగిన భుజమును బరిలోనే గుంజి సరిచేయబూనరాదు. అట్లు చేసినచో నరములు, రక్తనాళములు దెబ్బతినవచ్చును, ఎముకయు విరుగవచ్చును. వెదురు బద్దలతో బిగించి కట్టిన నాటుకట్టు క్రింద రక్తప్రసారము ఆగి, అవయవమునే తీసివేయవలసిన దుస్థితి వాటిల్లవచ్చును.

వైద్యుని చూపవలసిన గుర్తులు

కీలు వంకర తిరిగినను, ఎముకపై నొక్కినపుడు తీవ్రమైన నొప్పి కలిగినను, దెబ్బతిన్న కాలిపై నాలుగడుగులు వేయలేకపోయినను ఎక్స్‌రే తీయింపవలెను. మోకాలిలో ‘పుటుక్కు’మను శబ్దము వినిపించి, కొలది గంటలలో వాపు వచ్చినచో లోపలి బంధనము తెగినదని అనుమానింపవలెను. ఇందు ఒక మోసము కలదు. కొన్ని వారములకు నొప్పి తగ్గి, నడక వచ్చును. యువకుడు బాగైనదని తలచి మరల బరిలోనికి దిగును. పట్టులేని మోకాలు జారిన ప్రతిసారి లోపలి మృదులాస్థి నలుగును. కాలక్రమమున ఆ కాలు పొలము పనికిని అక్కరకు రాకపోవచ్చును. కావున నొప్పి పోయినంతమాత్రమున ఆడరాదు. వైద్యుడు పరీక్షించి చెప్పిన పిమ్మటనే ఆడవలెను.

తలకు దెబ్బ తగిలి తెలివి తప్పినను, తికమకపడినను, వాంతి చేసికొనినను ఆ దినమున మరల ఆడనీయక ఆసుపత్రికి చేర్పవలెను. మెడకు దెబ్బ తగిలినవానిని లేవనెత్తక, కదలింపక, 108కి ఫోను చేయవలెను. చర్మము చీరుకొనినచో సబ్బుతోను, శుభ్రమైన నీటితోను కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై ఆరోగ్య కేంద్రమున విచారింపవలెను.

పోటీలు జరుపు యువజన సంఘములు బహుమతుల కొరకు ధనము సేకరించునపుడే ఒక ప్రథమ చికిత్స పెట్టెకును కొంత కేటాయించుట మంచిది. క్రేప్ బ్యాండేజీలు, శుభ్రమైన గుడ్డ, దూది, కత్తెర, సబ్బు, మంచు ఉంచు డబ్బా ఇందు ఉన్న చాలును. బరిలోని రాళ్లను ఏరివేయించుట, ఆటకు ముందు పది నిమిషములు దేహమును వేడెక్కించు వ్యాయామము చేయించుట కూడ వారి బాధ్యతయే. గెలుపోటములు ఆ పూటవి. కాలు సేతులు జీవితాంతము కావలసినవి.