కంపానికి ప్రతికంపం

దక్కను పీఠభూమి దృఢమైన శిలలపై నెలకొని ఉన్నదనీ, ఇక్కడ భూకంప భయం లేదనీ మనలో చాలామంది విశ్వసిస్తారు. ఆ విశ్వాసం పూర్తిగా నిజం కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపివేసింది. 1983 జూన్ 30న మేడ్చల్ ప్రాంతంలో భూమి కంపించగా, ఆ ప్రకంపనలు హైదరాబాదు నగరానికి సైతం తెలిశాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం సంభవించింది. మేడ్చల్‌కు చేరువలోని కౌకూర్, శామీర్‌పేట వంటి శివారు ప్రాంతాలలో నేడు బహుళ అంతస్తుల భవనాలు వెలుస్తున్నాయి. కాబట్టి ఈ విషయాన్ని మనం ఉపేక్షించరాదు.

భవనం కూలకుండా నిలిస్తే చాలునా? చాలదు. 1994 జనవరి 17న అమెరికాలోని లాస్ ఏంజెలెస్ సమీపంలో భూకంపం వచ్చింది. అక్కడి ఆలివ్ వ్యూ ఆసుపత్రి భవనం చెక్కుచెదరలేదు. అయినా లోపలి నీటి గొట్టాలు పగిలి గదులు జలమయం కావడంతో రోగులను బయటకు తరలించవలసి వచ్చింది. ఆపదలో ఆదుకోవలసిన ఆసుపత్రే ఆపదలో పడింది! నేల కదలిక పై అంతస్తులకు చేరేసరికి తరచుగా అధికమవుతుంది. అందువల్ల గొట్టాలు, అద్దాలు, బీరువాలు, యంత్రాలు ముందుగా దెబ్బతింటాయి.

ఈ ఊపును అణచడానికి కనుగొన్న ఉపాయాలలో క్రియాశీల కంపన నియంత్రణ ఒకటి. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత దీనికి చక్కగా వర్తిస్తుంది. భవనంలో అమర్చిన గ్రాహకాలు కదలికను కొలుస్తాయి. కంప్యూటరు క్షణంలో లెక్కగట్టి ఆజ్ఞ ఇస్తుంది. పైకప్పు దగ్గర ఉంచిన బరువైన దిమ్మెను యంత్రం నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం దాని ప్రతిచర్య భవనం ఊపును ఎదుర్కొంటుంది. 1989లో టోక్యోలోని పదకొండు అంతస్తుల భవనంలో కజిమా సంస్థ ఈ పద్ధతిని తొలిసారిగా నెలకొల్పింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. ఊగుతున్న ఉయ్యాలను ఎదురుగా ఆపితే వేగం తగ్గుతుంది. అదను తప్పి నెడితే ఊపు మరింత పెరుగుతుంది. ఇక్కడా అంతే. ఆజ్ఞ ఆలస్యమైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. పైగా భూకంప సమయంలో విద్యుత్తు నిలిచిపోవచ్చు. అందుచేత స్వల్ప విద్యుత్తుతో, బ్యాటరీ ఆధారంగా పనిచేసే అర్ధ క్రియాశీల సాధనాలను శాస్త్రజ్ఞులు రూపొందించారు. 2001 నాటి భూకంపం తరువాత భుజ్‌లో నిర్మించిన ఆసుపత్రికి విద్యుత్తుతో పనిలేని మరొక మార్గాన్ని ఎంచుకున్నారు. ఆ భవనాన్ని సీసం, రబ్బరు కలిసిన దిండ్లపై నిలబెట్టారు.

ఇటువంటి సాధనాలు ప్రతి ఇంటికీ సాధ్యం కావు. కాని బీరువాను గోడకు బిగించడం, నీటి తొట్టిని పటిష్ఠంగా అమర్చడం, ఆసుపత్రిలో ప్రాణవాయువు సిలిండర్లను గొలుసులతో కట్టి ఉంచడం అందరికీ సాధ్యమే. భూమి కంపించకుండా ఆపడం మానవునికి అసాధ్యం. ఆ కంపం ప్రాణాంతకం కాకుండా చూడటం మాత్రం అతని చేతిలోనే ఉన్నది.