ఉద్యోగం వదలి పప్పుమిల్లు కొనేవారు వేసుకోవలసిన లెక్క

కంపెనీ ఉద్యోగం చాలించి, చేతికి వచ్చిన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో నడుస్తున్న మిల్లునో దుకాణాన్నో కొనాలని వచ్చేవారు వర్తక కేంద్రాలకు కొత్త కాదు. వీరిలో కొందరు వర్తక కుటుంబాలలో పుట్టి, చదువుకొని హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలకు వెళ్లినవారే. ఇటు మిల్లు యజమానికి వయస్సు మీదపడుతుంది, కొడుకులు దుమ్ములో నిలబడే పనికి రామంటారు, మిల్లు బేరానికి వస్తుంది. మధ్యవర్తికి దలాలి ముడుతుంది. ఇంతవరకు అందరికీ బాగానే ఉంటుంది. చిక్కు బయటపడేది మొదటి కంది సీజనులో. కొన్నవాడు చెల్లింపులు ఆపితే మునిగేది అతనొక్కడే కాదు. అతని మాట మీద సరుకు తూచిన కమీషన్ ఏజెంటు, పేరు చెప్పి పరిచయం చేసిన బ్రోకరు, ధరలో కొంత భాగం వాయిదాలకు ఒప్పుకున్న పాత యజమాని, అందరూ ఆ లెక్కలో చిక్కుకుంటారు. కాబట్టి ఈ లెక్క కొనేవారికి ఎంత అవసరమో, వారితో వ్యవహరించే వర్తకులకూ అంతే అవసరం.

తాండూరు ప్రాంతంలో ఒక చిన్న కందిపప్పు మిల్లు అమ్మకానికి ఉన్నదనుకొందాము. రోజుకు 20 క్వింటాళ్ల కంది ఆడుతుంది, ఏడాదికి 200 రోజులు నడుస్తుంది, అంటే 4,000 క్వింటాళ్లు. యజమాని చెప్పిన ధర రు. 80 లక్షలు, ఏడాది లాభం రు. 18 లక్షలు. ఈ అంకెలు వివరణ కోసం వేసుకొన్నవి మాత్రమే, ఏ ఒక్క మిల్లువీ కావు. కంది ధర క్వింటాలుకు రు. 7,500గా పెట్టుకొందాము. నెల జీతానికి అలవాటు పడిన మనిషి కాగితం మీద 80ని, 18ని పక్కపక్కన వేసి చూస్తాడు. నూటికి 22 పైచిలుకు ఫలితం! ఏ బ్యాంకు ఇస్తుంది? రాజీనామా పత్రం చాలావరకు ఆ రాత్రే తయారవుతుంది.

మిల్లు ధర సగమే

మొదటి పొరపాటు ఇక్కడే. రు. 80 లక్షలకు వచ్చేది స్థలం, షెడ్డు, ఎమరీ రోలర్లు, ఎండబోసే కల్లం. మిల్లును నడిపించే సొమ్ము అందులో లేదు. ముప్పై పనిదినాలకు సరిపడా కంది నిల్వ ఉంచాలంటే 600 క్వింటాళ్లు, రు. 45 లక్షలు. కందికి గాట్లు పెట్టి, నూనె పట్టించి, ఎండబోసి, తడిపి మళ్లీ ఎండబెట్టి పప్పు చేసేసరికి ఆరు రోజులు పడితే ఆ దశలో నిలిచే సరుకు 120 క్వింటాళ్లు, మరో రు. 9 లక్షలు. పప్పు హైదరాబాదు హోల్‌సేల్ వర్తకునికి వెళ్లిన తరువాత సొమ్ము తిరిగి రావడానికి నెల గడిస్తే బయట నిలిచేది సుమారు రు. 40 లక్షలు. మొత్తం రు. 94 లక్షలు. ఇటు యార్డులో రైతుకు సొమ్ము వెంటనే ఇవ్వవలసినదే, అక్కడ అరువు నడవదు.

అంటే 80 లక్షల మిల్లుకు నిజానికి కావలసినది రు. 1 కోటి 74 లక్షలు. ఫ్లాటు అమ్మి, ఫండు తీసి కోటి రూపాయలు పోగుచేసినవాడు మిల్లుకు 80 చెల్లిస్తే మిగిలేది 20. బ్యాంకు ఇస్తుంది కదా అనవచ్చును. ఇస్తుంది, కాని పాత యజమానికి ఉన్న క్యాష్ క్రెడిట్ పరిమితి అతని పేరుతోనే పోతుంది. కొత్తవానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ హామీలు, నిల్వల మీద పావు వంతు మార్జిను. అది మంజూరయ్యేలోగా కంది రాబడి సగం అయిపోతుంది. కేంద్రం అమలు చేసిన పి.ఎం.ఇ.జి.పి. సబ్సిడీ కొత్తగా స్థాపించే యూనిట్లకు ఉద్దేశించినది, నడుస్తున్న మిల్లు కొనుగోలుకు వర్తించదు. ఈ సంగతి బేరం అయిన తరువాత తెలుసుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు.

గ్రాట్యుటీ విషయంలో కూడా ఆశలు ఎక్కువగా ఉంటాయి. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు రు. 60,000, సర్వీసు 12 సంవత్సరాలు అయితే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కించి వచ్చేది రు. 4 లక్షల 15 వేల పైచిలుకు మాత్రమే. ప్రావిడెంటు ఫండును ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తికాకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది.

పద్దెనిమిది లక్షలలో లాభం ఎంత?

ఇక లాభం సంగతి. పాత యజమాని తెల్లవారుజామున యార్డులో ఉంటాడు, మధ్యాహ్నం మిల్లులో, సాయంత్రం ఫోనులో. అతనికి జీతం లేదు. అదే పనికి మనిషిని పెడితే నెలకు రు. 50,000 చొప్పున ఏడాదికి 6 లక్షలు ఇవ్వాలి. ఆయన తమ్ముడు చిట్టా రాసి, బస్తాల లెక్క చూస్తాడు. అతనికీ జీతం పద్దు లేదు, నెలకు 20,000 వేసినా 2 లక్షల 40 వేలు. మిల్లు అమ్మిన మరునాడు ఆ తమ్ముడు రాడు కదా.

మరొకటి, ఖాతాలు జాగ్రత్తగా తిప్పితే గాని కనబడనిది. ఆ ఏడాది కంది క్వింటాలుకు వెయ్యి రూపాయలు పెరిగి ఉంటే, నిల్వ ఉన్న 600 క్వింటాళ్ల మీద వచ్చిన 6 లక్షలు మిల్లు సంపాదన కాదు, ధర తెచ్చిపెట్టినది. మూడూ తీసివేస్తే 18 లక్షలలో మిగిలేది రు. 3 లక్షల 60 వేలు. కోటి 74 లక్షలను నూటికి 7 చొప్పున బ్యాంకులో ఉంచినా ఏడాదికి రు. 12 లక్షల పైన వస్తుంది. కొనేవానికి నెలకు రు. 35,000 ఇంటి అప్పు వాయిదా ఉంటే దానికే ఏడాదికి 4 లక్షల 20 వేలు కావాలి. మిల్లు మిగులు దానికి కూడా చాలదు. తాను పనిచేసి 6 లక్షల జీతం తానే తీసుకొంటాడు, అది వాస్తవమే. కాని అప్పుడతడు కొన్నది వ్యాపారం కాదు, రు. 80 లక్షలు పెట్టి ఒక ఉద్యోగం. వదలి వచ్చినదానికన్నా జీతం తక్కువ, సెలవు దినాలు అసలే లేవు.

ఈ లెక్క చూపితే అమ్మేవాడు నొచ్చుకోనక్కరలేదు. ధర ఎంత తగ్గాలో ఇదే చెబుతుంది. ఒక్క ఏడాది కాదు, కనీసం మూడు నాలుగు సంవత్సరాల ఖాతాలు, వాటిలో ధర పడిపోయిన ఏడాది ఒకటి తప్పకుండా ఉండేటట్లు చూడాలి. జి.ఎస్.టి. రిటర్నులు, కరెంటు బిల్లులు పక్కన పెట్టి సరిచూస్తే ఆడిన క్వింటాళ్లు తేలిపోతాయి. పట్టీలు దాచవచ్చును గాని మీటరును దాచడం కష్టం.

తేమ దగ్గర పోయే సొమ్ము

పై లెక్కలో ధర లాభం 6 లక్షలు తీసివేస్తే, జీతాలు వేయక ముందు, ఆడకం మీద వచ్చేది 12 లక్షలు, అంటే క్వింటాలుకు రు. 300. అంతే. ఈ మూడు వందలు ఎక్కడ పోతాయో కొత్తవారికి తెలియదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలలో కందికి తేమ పరిమితి నూటికి 12. పద్నాలుగు తేమ ఉన్న కందిని పొడి సరుకు ధరకే కొని, పదికి ఎండబెడితే క్వింటాలు 95 కిలోల 560 గ్రాములకు దిగుతుంది. పోయిన నాలుగున్నర కిలోల విలువ రు. 330 పైన. మిల్లు నడవకముందే ఆ క్వింటాలు మీద లాభం ఆవిరైపోయినట్లే. పాత యజమాని గింజను పంటికింద కొరికి, రాశిలో మోచేతివరకు చేయి పెట్టి ధర చెబుతాడు. ఆ విద్య విక్రయ పత్రంలో రాయడానికి వీలు లేనిది. కంపెనీ నుంచి వచ్చినవాడు తేమ కొలిచే మీటరుతో మొదలుపెట్టడం మంచిదే, దానికి సిగ్గుపడనవసరం లేదు. అయితే మీటరును రాశి పైభాగాన పెట్టి చూస్తే అది రైతు చూపించదలచిన తేమనే చూపిస్తుంది.

పప్పు దిగుబడిలో కూడా ఇంతే. నూటికి ఒక్క వంతు తగ్గితే 4,000 క్వింటాళ్ల మీద 40 క్వింటాళ్ల పప్పు పోయి నూక, చున్నీ కింద మారుతుంది. పప్పు రు. 10,500, చున్నీ రు. 2,500 అనుకొంటే తేడా రు. 3 లక్షల 20 వేలు. జీతాలు, ధర లాభం తీసివేసిన తరువాత మిగిలినది 3 లక్షల 60 వేలేనని గుర్తుంచుకొంటే, పాత రోలర్ల అరుగుదల ఎందుకు చూడాలో వేరే చెప్పనవసరం లేదు. బేరానికి ముందు కనీసం యాభై బస్తాలు ఎదుట తూచి, ఎదుట ఆడించి, పప్పు, నూక, పొట్టు విడివిడిగా తూచాలి.

ధర, నిల్వల పరిమితి

కంది ధర 2024 మధ్యలో క్వింటాలు రు. 10,000 దాటింది. కొత్త పంట వచ్చిన 2025 ఆరంభానికి కనీస మద్దతు ధర రు. 7,550 దరికి, అనేక చోట్ల అంతకన్నా దిగువకు జారింది. ఆ పతనంలో 600 క్వింటాళ్లు పట్టుకొని కూర్చున్నవానికి, క్వింటాలుకు 2,500 చొప్పున, రు. 15 లక్షలు పోతాయి. 2021 మే నుంచి దిగుమతులను స్వేచ్ఛగా అనుమతించిన తరువాత బర్మా, మొజాంబిక్, టాంజానియా సరుకు మన ధరను ఎప్పుడు కదిలిస్తుందో చెప్పడం అనుభవజ్ఞులకే కష్టమైనది.

ప్రభుత్వ ఉత్తర్వులు మరో సంగతి. 2023 జూన్‌లో కంది, మినుముల మీద నిల్వల పరిమితి విధించినప్పుడు మిల్లర్లకు మూడు నెలల ఉత్పత్తి లేదా వార్షిక సామర్థ్యంలో నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అది, ఉంచుకొనే వీలు ఇచ్చారు. సెప్టెంబరులో దానిని ఒక నెల ఉత్పత్తికి లేదా పదో వంతుకు కుదించారు. నాలుగు నెలలు తిరగకముందే! కంపెనీలో ఏడాది ముందు బడ్జెటు వేసుకొని పనిచేసినవారికి ఇటువంటి మార్పు మింగుడు పడదు. నిల్వ చేసి ధర కోసం కాచుకొనే ఆలోచనతో మిల్లు కొనేవారు ఆ సంవత్సరపు ఉత్తర్వులను ఒకసారి చదివితే మంచిది.

పాత బాకీలు ఎవరివి?

వ్యాపారం చేతులు మారితే పన్ను బకాయి పాతవానితోనే పోతుందనుకోవడం పొరపాటు. జి.ఎస్.టి. చట్టం 85వ సెక్షను ప్రకారం బదిలీ నాటివరకు ఉన్న పన్ను, వడ్డీ, జరిమానాలకు అమ్మినవారు, కొన్నవారు ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులు. నోటీసు రెండేళ్ల తరువాత వచ్చినా అంతే. అందువల్ల ధరలో కొంత భాగాన్ని, ఐదో వంతు అనుకొందాము, ఒక సీజను పూర్తయ్యేవరకు నిలిపి ఉంచడం ఉభయులకు మర్యాదైన పద్ధతి. కరెంటు బకాయి, కూలీల బకాయిలు కూడా ఆ ఖాతాలోనే తేలుతాయి. మార్కెట్ కమిటీ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, ఉద్యం నమోదు కొత్తవాని పేరుతో కొత్తగా తీసుకోవలసి ఉంటుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది, కాని ఆ పేరు వాడుకొనే నమోదిత హక్కు అమ్మకానికి, బదిలీకి వీలులేనిది. ఆ పేరుకు విడిగా వెల కట్టి చెల్లించేవారు మోసపోయినట్లే.

పప్పు కొన్నవారి నుంచి రావలసిన బాకీలను ఎట్టి పరిస్థితులలోను కొనరాదు. పాత యజమానికి ముఖం చూసి ఇచ్చేవాడు కొత్తవానికి ఇవ్వడు. వాటిని ఆయన పేరుతోనే ఉంచి, వసూలుకు సహాయపడితే చాలు. కొత్త బాకీల విషయంలో చట్టం కొంత ఆసరా ఇస్తున్నది. మిల్లు సూక్ష్మ లేక చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి సొమ్ము ఆపరాదు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటించి ఏడాది చివరకు కూడా చెల్లించని కొనుగోలుదారుకు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు తగ్గదు. అయితే ప్రతి గిరాకీదారుకు చట్టం చూపితే మరుసటి వారం లారీ వేరే మిల్లుకు వెళ్తుందన్నది కూడా వర్తకులకు తెలిసినదే.

అప్పగింత

పాత యజమాని పక్క వీధిలో మరో మిల్లు తెరిస్తే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను వర్తకాన్ని నిరోధించే ఒప్పందాలు చెల్లవని అంటుంది, కాని గుడ్‌విల్ అమ్మినవానిపై నిర్ణీత ప్రాంతంలో న్యాయసమ్మతమైన నిరోధాన్ని అనుమతిస్తుంది. కాబట్టి పత్రంలో గుడ్‌విల్ పేర కొంత మొత్తం విడిగా రాయించి, ఊరి హద్దులు కూడా రాయించాలి. ఇంతకన్నా విలువైనది ఒక సీజను పాటు ఆయన యార్డుకు వెంట రావడం. ఏ బ్రోకరు ఎటువంటివాడో, ఏ ఊరి కందిలో పప్పు ఎంత దిగుతుందో అప్పుడే తెలుస్తుంది. నిలిపి ఉంచిన ఐదో వంతు ధర ఆయనను రప్పిస్తుంది.

బ్రోకర్లకూ ఇక్కడ కొంత పని ఉన్నది. కొత్త యజమానికి మొదటి నెలలోనే పాత యజమాని స్థాయి అరువు ఇప్పించడం స్నేహం కాదు. పురుగు పట్టిన పాత నిల్వను అతనికి అంటగట్టడం అసలే వర్తకం కాదు. ఏడాది తిరగకుండా మూతపడిన మిల్లు నుంచి ఎవరికీ దలాలి రాదు.

తెలంగాణలో కంది రాబడి డిసెంబరు చివర మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముమ్మరంగా ఉంటుంది. నవంబరులో మిల్లు నిల్వలు అడుగంటి ఉంటాయి గనుక ఉభయుల ఎదుట తూకం వేసి సరుకు అప్పగించడం సులభం, తగవులు తక్కువ. కంపెనీలో నోటీసు గడువు 90 రోజులైతే రాజీనామా ఆగస్టు మొదటి వారంలో ఇవ్వవలసి ఉంటుంది. బ్యాంకు మంజూరు పత్రం అంతకు ముందే చేతికి అందాలి. జీతపు పట్టీ చూసి అప్పు ఇచ్చే బ్యాంకు, అది లేని మనిషిని అంతే తొందరగా పలకరించదు.