మాట ఎవరిది? పేరు ఎవరిది?

వేసవి సెలవుల్లో ఒకరోజు అసర్ నమాజు తరువాత డిగ్రీ చదివే ఒక కుర్రవాడు మస్జిదు వరండాలో మా పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో స్పైరల్ బైండింగు చేయించిన పుస్తకం ఉంది. "హజ్రత్, కాలేజీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇచ్చారు. పది రోజుల్లో సమర్పించాలి. మొదటి పేజీ మీద అరబీలో బిస్మిల్లాహ్ అందంగా రాసిపెట్టండి" అన్నాడు.

రాసే ముందు నాలుగు పేజీలు తిరగేశాము. గిద్దలూరు దగ్గరి ఒక పల్లెలో తాగునీటి పరిస్థితి మీద నలభై ఇళ్ల సర్వే అది. పట్టికలు, రంగుల బొమ్మలు, చక్కని ఇంగ్లీషు. చదువుతుంటే ఒకచోట, వేట నిషేధ కాలంలో ఆ ఊరి మత్స్యకార కుటుంబాలు ఎలా గడుపుకొస్తాయో వివరంగా ఉంది. నల్లమల అంచున ఉన్న పల్లెకు సముద్రం ఎక్కడి నుంచి వచ్చింది బేటా అని అడిగాము. మొదట నవ్వాడు. తరువాత తల దించుకున్నాడు. జిరాక్స్ షాపులో పాత ఫైలు ఒకటి ఉందట. ఊరి పేరు, విద్యార్థి పేరు మార్చి ప్రింటు తీసి ఇచ్చారట. ఆ పల్లెకు తాను వెళ్లనే లేదు. "అందరూ ఇలాగే చేస్తున్నారు హజ్రత్. అయినా ఇందులో ఎవరి సొమ్ము పోయింది?" అన్నాడు.

ఆ రోజు మేము బిస్మిల్లాహ్ రాయలేదు. అతని ప్రశ్న మాత్రం మా మనసులో ఉండిపోయింది. డిగ్రీ, బి.ఎడ్., ఎం.బి.ఏ., ఇంజినీరింగు చదివే పిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు, అల్‌హమ్దులిల్లాహ్. రికార్డులు డబ్బిచ్చి రాయించడం, అసైన్‌మెంటును ఎక్కడి నుంచో ఎత్తి అతికించడం వాళ్లలో చాలామందికి తప్పుగానే తోచదు. తల్లిదండ్రులు కూడా దాన్ని చదువు ఖర్చుల్లో ఒకటిగా లెక్కేస్తున్నారు. ఇతరుల రచనను తనదిగా చూపించుకునే ఈ పనిని తెలుగులో గ్రంథచౌర్యం అంటారు. దీని గురించి మన ధర్మం ఏమంటుందో చూద్దాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. దీన్ని చౌర్యం అంటున్నాం కాబట్టి ఫిఖహ్ గ్రంథాల్లో దొంగతనానికి ఉన్న శిక్ష దీనికి వర్తిస్తుందని కాదు. ఇందులో ప్రధానమైన పాపం అబద్ధం. దానితోపాటు మోసం, అమానతులో ఖియానతు. 'ఎవరి సొమ్ము పోయింది?' అన్న ప్రశ్న అందుకే గురి తప్పుతుంది. సొమ్ము పోకపోయినా అబద్ధం అబద్ధమే. దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 188వ ఆయతులో, తాము చేయని పనులకు ప్రశంసలు కోరుకునేవారిని అల్లాహ్ తీవ్రంగా హెచ్చరించాడు. హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. భర్త ఇవ్వనిదాన్ని ఇచ్చినట్లు సవతి ముందు చెప్పుకోవచ్చా అని ఒక స్త్రీ అడిగింది. తనకు దక్కనిది దక్కినట్లు చూపించుకునేవాణ్ణి మహాప్రవక్త (స) రెండు అబద్ధపు వస్త్రాలు తొడుక్కున్నవాడితో పోల్చారు. దీనికి వ్యాఖ్యాతలు చెప్పిన వివరణల్లో ఒకటి ఇది: ఒకడు తన చొక్కా చేతులకు అదనంగా మరో జత చేతులు కుట్టించుకుని, రెండు చొక్కాలు తొడిగినట్లు జనానికి కనిపించేవాడట. పేరు మార్చిన ప్రాజెక్టు రిపోర్టుకు ఇంతకన్నా దగ్గరి పోలిక మాకు తెలియదు.

ఇక మాట ఎవరిదో చెప్పే పద్ధతి మనకు కాలేజీలు నేర్పినది కాదు. అది మన వారసత్వం. హదీసు విద్య అంతా దాని మీదే నిలబడింది. ఈ మాట నాకు ఎవరు చెప్పారు, అతనికి ఎవరు చెప్పారు అనే ఆ గొలుసు పేరు ఇస్నాద్. ఇస్నాద్ ధర్మంలో భాగమనీ, అది లేకుంటే ఎవరికి తోచింది వారు చెప్పేసేవారనీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై) అన్న సంగతిని ఇమామ్ ముస్లిం తన సహీహ్ గ్రంథం ముందుమాటలో పొందుపరిచారు. ముహద్దిసులు అక్కడితో కూడా ఆగలేదు. గురువు నోట విన్నదానికి ఒక పదం, గురువు ముందు చదివి వినిపించినదానికి మరో పదం, పుస్తకంలో దొరికినదానికి ఇంకో పదం వాడారు. ఈ చివరిదాని పేరు విజాదా. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) కుమారుడు అబ్దుల్లాహ్ తన తండ్రి ముస్నద్‌ను మనకు అందించారు. అందులో కొన్నిచోట్ల ఆయన, ఈ హదీసును నాన్నగారి నోట వినలేదు, ఆయన పుస్తకంలో ఆయన దస్తూరీతో ఉండగా చూశాను అని విడిగా చెప్పారు. తండ్రి పుస్తకం, కొడుకు చేతిలో ఉంది. 'విన్నాను' అంటే కాదనేవారెవరు? అయినా అనలేదు.

ఇమామ్ ఖుర్తుబీ (మరణం హిజ్రీ 671, క్రీ.శ. 1273) తన తఫ్సీరు మొదట్లోనే ఒక షరతు పెట్టుకున్నారు. ప్రతి మాటనూ అన్నవారి పేరుతోనే చెబుతాను, ప్రతి హదీసునూ దాన్ని సేకరించిన గ్రంథకర్త పేరుతోనే ఇస్తాను అని. మాటను దాని యజమానికి చెందించడం విద్యకు బర్కతునిస్తుందని కారణం కూడా చెప్పారు.

ఇప్పుడు కైరో నగరంలో జరిగిన ఒక సంఘటన వినండి. చరిత్రకారులు దీన్ని నమోదు చేశారు. ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ (మరణం హిజ్రీ 911, క్రీ.శ. 1505), సహీహ్ బుఖారీ వ్యాఖ్యాత ఇమామ్ ఖస్తలానీ (మరణం హిజ్రీ 923, క్రీ.శ. 1517) ఒకే కాలంవారు. ఖస్తలానీ తన పుస్తకాల నుంచి తీసుకుని తన పేరు చెప్పడం లేదని సుయూతీ ఆ కాలపు షేఖుల్ ఇస్లాం జకరియా అన్సారీ ముందు ఫిర్యాదు చేశారు. రుజువేమిటని అడిగితే సుయూతీ ఇలా వివరించారు: ఈయన పదేపదే ఇమామ్ బైహఖీని ఉటంకిస్తున్నారు. బైహఖీకి ఎన్నో గ్రంథాలున్నాయి. వాటిలో ఏ గ్రంథంలో చూశారో చెప్పమనండి. ఖస్తలానీ చెప్పలేకపోయారు. ఆ ఉటంకింపులన్నీ నా పుస్తకంలో చూసి తీసుకున్నవే, కాబట్టి 'బైహఖీ నుంచి సుయూతీ ఉటంకించారు' అని రాయాల్సింది అన్నారు సుయూతీ. తరువాత ఖస్తలానీ ఆయన మనసు శాంతింపజేయాలని కైరో నుంచి రౌజా దాకా చెప్పుల్లేని కాళ్లతో నడిచి వెళ్లి తలుపు తట్టారు. లోపలి నుంచే సుయూతీ, నా మనసు తేరుకుంది అన్నారు. తలుపు మాత్రం తీయలేదు.

ఇద్దరూ మనకు గౌరవనీయులే. సుయూతీ తలుపు తీసి ఉంటే బాగుండేదని మాకనిపిస్తుంది. కానీ ఆయన పట్టుకున్న అంశం నేటి విద్యార్థికి చాలా అవసరం. ఒక పుస్తకం అడుగున ఉన్న పది గ్రంథాల పేర్లను తీసుకువచ్చి, ఆ పది గ్రంథాలూ తామే చదివినట్లు జాబితా ఇచ్చేవారు ఎందరో! అది కూడా అబద్ధమే. దేన్ని చూశావో దాని పేరే చెప్పు.

'ఇల్మ్ అల్లాహ్‌ది, అందరిదీ. దానికి యజమాని ఎవరు?' అని కొందరు వాదిస్తారు. పుస్తకాల హక్కుల అమ్మకం విషయంలో పండితుల మధ్య చర్చ జరిగిన మాట నిజమే. మన దేశపు హనఫీ పెద్దల్లో కొందరు దాన్ని ఒప్పుకోలేదు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మాత్రం గ్రంథకర్త హక్కులను షరీఅతు కాపాడుతుందని తీర్మానించింది. అయితే ఆ చర్చ డబ్బుకు సంబంధించినది. ఒకరు రాసినది నేనే రాశానని చెప్పుకోవచ్చని ఏ పక్షమూ అనలేదు. మన హాఫిజ్ పిల్లలనే చూడండి. ఖుర్ఆన్ మొత్తం గుండెలో ఉంటుంది, ఒక్క అక్షరం తనదని అనడు. ఇతరుల మాటను నేర్చుకోవడం, మోయడం, వినిపించడం గౌరవమే. తప్పంతా కింద పెట్టే సంతకంలో ఉంది.

విశ్వవిద్యాలయాలు కూడా ఇప్పుడు దీన్ని తేలిగ్గా వదలడం లేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించే ఒక ఆచార్యుడు 2004 నుంచి 2007 వరకు విదేశీ పత్రికల్లో ప్రచురించిన 70కి పైగా పరిశోధన పత్రాల్లో చౌర్యమో కల్పనో ఉందన్న విషయం 2008లో ప్రపంచమంతా వార్త అయ్యింది. కొన్ని పత్రాలను పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. (ఆయన పేరు మన పాఠానికి అక్కరలేదు, గీబతుకు దూరంగా ఉందాం.) 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఈ అంకెలు కంప్యూటరు లెక్కలని మరవకండి. 'పది శాతం దాకా ఫర్వాలేదట' అని లెక్కగట్టి దొంగిలించేవాడిని యంత్రం వదలవచ్చు, కిరామన్ కాతిబీన్ వదలరు.

ఎలా రాయాలి మరి? ఉన్నది ఉన్నట్లు ఎత్తితే ఉటంకింపు గుర్తుల్లో పెట్టి, రచయిత పేరు, పుస్తకం, పేజీ ఇవ్వాలి. సొంత మాటల్లో చెప్పినా ఆలోచన ఇతరులదైతే పేరు చెప్పాల్సిందే. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నాలుగు పదాలు మార్చినంత మాత్రాన వాక్యం సొంతం కాదు. మేము పిల్లలకు చెప్పే ఉపాయం ఇది: చదివిన పుస్తకం మూసెయ్యి. ఇంట్లో అమ్మీకో అబ్బాకో నీ భాషలో ఆ సంగతి చెప్పు. వాళ్లకు అర్థమయ్యాక కూర్చుని రాయి. అప్పుడు పుస్తకం తెరిచి సరిచూసుకో. మన పిల్లలకు ఇంగ్లీషు భయం ఉంది, కాదనము. తప్పుల ఇంగ్లీషులో రాసిన సొంత పేజీకి నాలుగు మార్కులు తగ్గుతాయేమో, తగ్గనివ్వండి. చాట్‌జీపీటీ వంటి యంత్రాలకూ ఇదే కొలత. అర్థం కానిది అడిగి తెలుసుకోవడం వేరు. అది రాసినదాని కింద నీ పేరు పెట్టడం వేరు.

జిరాక్స్ షాపు నడిపే ఒక సోదరుడు తన సంపాదన సంగతి అడిగాడు. టైపింగు, ప్రింటింగు, బైండింగు హలాలే. విద్యార్థి తనదని ఇస్తాడని తెలిసీ తయారు రిపోర్టు అమ్మితే, అది మాయిదా సూరా 2వ ఆయతు వారించిన 'పాపంలో సహకారం' కిందికి వస్తుంది. ఇలా గడిచిపోయిన చదువుతో ఉద్యోగంలో ఉన్నవారు నిజమైన తౌబా చేసుకోవాలి. చేసే పని చక్కగా చేస్తుంటే వారి జీతం హరాం కాదని నేటి పండితులలో పలువురు చెప్పారు.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించిన తొలి పరిశోధన ఆ జిల్లా నుంచే వెలువడింది. వైద్యులు పల్లెలకు వచ్చి మనుషుల పళ్లు, ఎముకలు స్వయంగా పరీక్షించారు కాబట్టే నీటిలోని కీడు లోకానికి తెలిసింది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. పశ్చిమ ప్రకాశంలో ఎన్నో బోర్లు ఆ గీత దాటాయి. వెళ్లని ఊరిలో నీళ్లు బాగున్నాయని రాస్తే, ఆ కాగితాన్ని ఎవరైనా నమ్మితే, ఏం పోతుందో అతనికి ఇలా విడమర్చి చెప్పాము. మహాప్రవక్త (స) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి అడుగున తడి పట్టుకున్న సంగతీ గుర్తుచేశాము.

వారం తరువాత అతను మళ్లీ వచ్చాడు. ఈసారి బైండింగు లేదు. చేతిరాతతో ఉన్న కాగితాలు. నలభై ఇళ్లు కాదు, ఇరవై ఆరు. నీటి పరీక్ష తాను చేయలేదనీ, ఆ అంకె ఊరి ట్యాంకు గోడ మీద రాసి ఉండగా చూశాననీ రాశాడు. ఒక ఇంటి ఎదుట 'వీరు వివరాలు చెప్పడానికి ఇష్టపడలేదు' అని ఉంది. కలం తీసుకుని మొదటి పేజీ అడిగాము.